చేవదేరిన చేయి

ప్రక్రియ: వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రీతితో నేర్చిన విద్యను పదవీ విరమణానంతరం జీవనోపాధిగా మలచుకొన్న ఒక ఉపాధ్యాయుని అనుభవాన్ని పరిచయం చేయడం, శ్రమకు వెల కట్టడంలోని న్యాయాన్ని గ్రహింపజేయడం, వడ్రంగానికి సంబంధించిన తెలుగు పదజాలాన్ని విద్యార్థులకు అందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

పదవి వేరు, పని వేరు. పదవికి విరమణ ఉన్నది గాని పనికి లేదు. ఉద్యోగి జీవితంలో ఒకనాడు పూలమాల, శాలువా, సన్మానపత్రం కలిసి వస్తాయి. ఆ మరునాటి ఉదయం నుండి గడియారం చూసుకోవలసిన అవసరం ఉండదు. కొందరికది వరమైతే, మరికొందరికి శాపమవుతుంది. చేతిలో ఒక విద్య ఉన్నవారికి మాత్రం ఆ ఉదయం మరొక జీవితానికి తొలి ఉదయం అవుతుంది.

మన పూర్వులు చేతిపనిని విద్యలలో ఒకటిగా గౌరవించారు. వాత్స్యాయనుడు పేర్కొన్న చతుష్షష్టి కళలలో సంగీత నృత్యాల సరసనే తక్షణం కూడ ఉన్నది. తక్షణమంటే చెక్కడం, వడ్రంగం. ‘వెంటనే’ అనే అర్థంలో మనం వాడే తక్షణం (తత్ + క్షణం) వేరు, ఇది వేరు. అమరకోశం వడ్రంగికి తక్షుడు, వర్ధకి, త్వష్ట, రథకారుడు అనే పర్యాయపదాలను చెప్పింది. అందులోని ‘వర్ధకి’ అనే సంస్కృతపదమే రూపం మారి తెలుగున ‘వడ్లంగి’, ‘వడ్రంగి’ అయినది. అయితే ఒక కళను ప్రీతితో అభ్యసించడం ఒక ఎత్తు, దానినే నమ్ముకొని అంగడిలో నిలబడడం మరొక ఎత్తు. ఆ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని అరవయ్యవ ఏట దాటిన మా గణితోపాధ్యాయుని వృత్తాంతమే ఈ పాఠం.

నేను ఉన్నత పాఠశాలలో చదివే రోజులలో మా మాస్టారి చేతిసంచిలో సుద్దముక్కలతో పాటు ఒక టేకు శంకువు ఉండేది. దానిని ఆయన ముందే పలుచోట్ల కోసి, తిరిగి అతికేటట్లు అమర్చుకొన్నారు. అడ్డంగా విడదీస్తే వృత్తం, ఏటవాలుగా విడదీస్తే దీర్ఘవృత్తం, శంకువు వాలుకు సమాంతరంగా విడదీస్తే పరావలయం కనిపించేవి. నల్లబల్ల మీద అర్థం కానిది ఆ చెక్కముక్కలో అర్థమయ్యేది. ఆ శంకువును చేసింది ఆయనే.

మాస్టారిది వడ్రంగుల ఇల్లు కాదు. విశాఖపట్నం జిల్లాలో వారి ఇంటి పక్కన ఒక వడ్రంగి కొట్టం ఉండేది. (ఆ ప్రాంతం 2022 నుండి అనకాపల్లి జిల్లాలో ఉన్నది.) బాల్యంలో సెలవు దినాలన్నీ ఆయన అక్కడే గడిపారు. ఆ కొట్టం యజమానిని ఊరంతా తాతయ్య అని పిలిచేది. తాతయ్య ఆ బాలునికి మొదట ఉలిని ఇవ్వలేదు. సానరాయిని ఇచ్చాడు. మొద్దుబారిన ఉలి చెక్కను కోయదు, చీలుస్తుంది. అందువలన పదును పెట్టడం తెలియని వానికి పనిముట్టు పట్టే అర్హత లేదన్నది ఆ కొట్టం నియమం. పదును కుదిరిన తరువాతనే రంపం, బాడిస, బరమా, మూలమట్టం ఒక్కొక్కటిగా చేతికి వచ్చాయి. చిత్రిక పట్టడం, ఒక చెక్క కొనను కుసిగా చెక్కి రెండవ చెక్కకు తొలిచిన బెజ్జంలో మేకు లేకుండా బిగించడం ఆ తరువాతి పాఠాలు.

చెక్కను గుర్తుపట్టడం అన్నిటికన్న కష్టమైన విద్య. బండిచక్రానికి నల్లతుమ్మ, తలుపుకు టేకు, వీణకు పనస, బొమ్మకు అంకుడు. ఏ పనికి ఏ కలప తగునో తాతయ్య చెట్టు నీడను చూసి చెప్పగలిగేవాడట. మానును అడ్డంగా కోసినపుడు నడుమ ముదురు రంగులో కనిపించేది చేవ. దాని చుట్టూ ఉన్న లేత చెక్క చెట్టుకు నీరు మోసే భాగం. పిండిపదార్థం అందులో నిలువ ఉంటుంది గనుక పురుగు ముందుగా దానినే తొలుస్తుంది. చేవకు ఆ భయం తక్కువ. ‘చేవ గలవాడు’ అని మనిషిని మెచ్చుకోవడంలో మన భాష ఈ పరిజ్ఞానాన్నే దాచుకొన్నది.

మాస్టారు ఉద్యోగంలో ఉన్నంత కాలం ఈ విద్య ఆయనకు వినోదమే. ఆయన చేసిన వస్తువులన్నిటిలో వ్యాసపీఠానికి పేరు వచ్చింది. పురాణ గ్రంథాన్ని తెరిచి నిలిపే ఆ పీఠాన్ని ఆయన ఒకే పలక నుండి తీసేవారు. పలకను రెండు కొనల నుండి మందం నడుమగా చీల్చి, మధ్యలో చేతివేళ్ళు పెనవేసుకొన్నట్లు కీలు చెక్కితే, విప్పినపుడు పీఠం, మూసినపుడు పలక అవుతుంది. అందులో మేకు గాని జిగురు గాని ఉండదు. బంధువుల పెండ్లిళ్ళకు, గృహప్రవేశాలకు ఆయన కానుక అదే. పద్నాలుగు గుంటల వామనగుంటల పలకలు ఇరుగు పొరుగు ఆడపిల్లలకు దక్కేవి. ఎవరైనా వెల ఇవ్వబోతే ఆయన తీసుకొనేవారు కాదు. ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతున్నది. నియమం సంగతి అలా ఉంచినా, ఇష్టంతో చేసిన దానికి డబ్బు పుచ్చుకోవడం ఆయనకు సిగ్గుగా ఉండేది.

2017లో మాస్టారు పదవీ విరమణ చేశారు. మొదటి నెల నిద్రతోను, రెండవ నెల వార్తాపత్రికలతోను గడిచింది. మూడవ నెలలో ఆయన పెరటిలో రేకుల పాక వేసి, పనిబల్ల నిలిపి, వ్యాసపీఠాలు చేసి అమ్మాలని నిశ్చయించుకొన్నారు. అందుకు పెట్టుబడి విషయంలో ఒక కట్టుబాటు చేసుకొన్నారు. పదవీ విరమణ సమయంలో చేతికందిన మొత్తంలో ఇరవయ్యవ వంతుకు మించి ఖర్చు చేయరాదు. అప్పు చేయరాదు. పింఛను ఇంటి ఖర్చుకే గాని పాకకు కాదు. ఆ ఇరవయ్యవ వంతు పూర్తిగా పోయినా కుటుంబానికి కష్టం రాకూడదన్నది ఆయన లెక్క. వృద్ధాప్యంలో పోగొట్టుకొన్న ధనాన్ని మళ్ళీ సంపాదించడానికి వ్యవధి ఉండదు గదా!

తొలి ఆరు నెలలలో వ్యాసపీఠాలు చేసినవి చేసినట్లే అమ్ముడుపోయాయి. ఒక్కొక్కదాని వెల నాలుగు వందల రూపాయలు. చెక్కకు మూడు వందలు, మెరుగుకు అరవై పోగా నలభై రూపాయలు మిగులుతున్నాయని మాస్టారు సంతోషించారు. ఒకనాటి సాయంకాలం తాతయ్య కుమారుడు పాకకు వచ్చాడు. తండ్రి గతించిన తరువాత కొట్టాన్ని నడుపుతున్నది అతడే. పీఠాన్ని చేతిలోకి తీసుకొని, కీలును రెండుమార్లు విప్పి మూసి, నెమ్మదిగా ఇలా అన్నాడు:

“పని మా నాన్న చేతిపనిలాగే ఉంది మాస్టారూ. కాని ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. మీకు నెల తిరిగేసరికి పింఛను వస్తుంది. మాకు ఈ ఉలే పింఛను. మొన్న ఒకాయన నా దగ్గరికి వచ్చి, మాస్టారు నాలుగు వందలకు ఇస్తున్నారు, నీవెందుకు వెయ్యి అడుగుతావని కోప్పడి వెళ్ళాడు. మీరు కూలి వద్దనుకొంటే అది మీ ఇష్టం. కాని మీరు వదులుకొన్నది మీ కూలి ఒక్కటే కాదు, నా కూలి కూడా.”

మాస్టారు చాలాసేపు మాటాడలేకపోయారు. తరువాత, “నాయనా, నేను పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. నా లెక్కే తప్పింది” అన్నారు.

ఆ రాత్రి ఆయన చిట్టాపుస్తకం తీసి లెక్కను తిరిగి వేశారు. చెక్క వెల మూడు వందలు. కోతలోను, చిత్రికలోను పొట్టుగా పోయే నాలుగవ వంతుకు డెబ్బై అయిదు. మెరుగుకు, గరుకు కాగితానికి అరవై. విద్యుత్తుకు, పనిముట్ల అరుగుదలకు నలభై. ఒక పీఠానికి పట్టే కాలం ఆరు గంటలు. ఎనిమిది గంటల రోజుకు ఎనిమిది వందల చొప్పున కూలి ఆరు వందలు. ఇంతవరకు వెయ్యిన్ని డెబ్బై అయిదు. చెడిపోయిన వాటికి, అమ్ముడుపోని వాటికి పదవ వంతు కలిపితే దాదాపు వెయ్యిన్ని నూట ఎనభై రూపాయలు. అంటే నలభై రూపాయల లాభం అనుకొన్నది నిజానికి ఏడు వందల ఎనభై రూపాయల నష్టం. ఆ నష్టం కూలిలో దాగి ఉన్నందువలన ఆయనకు కనిపించలేదు. మరునాటి నుండి పీఠం వెల వెయ్యిన్ని నూట ఎనభై అయినది. కొనేవారు సగానికి తగ్గారు. అయినా మాస్టారు వెల తగ్గించలేదు.

ఇష్టంతో చేసే పనికి, అమ్మకానికి చేసే పనికి గల మరొక భేదం వర్షాకాలంలో తెలిసివచ్చింది. ఒక గృహిణి కొన్న నగలపెట్టె మూత శ్రావణమాసంలో ఉబ్బి మూసుకోక, తిరిగి పాకకు చేరింది. కానుక వంకరపోతే పుచ్చుకొన్నవారు మొగమాటంతో ఊరుకొంటారు. కొన్న వస్తువు వంకరపోతే తిరిగి తెస్తారు, అది వారి హక్కు. మాస్టారు పైకం తిరిగి ఇచ్చివేసి కారణం వెదికారు. చెక్క చచ్చిన తరువాత కూడ గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొంటుంది. నార వెంబడి ఆ మార్పు అత్యల్పం, నారకు అడ్డంగా అధికం. అడ్డంలో కూడ వలయాల వెంబడి కలిగే మార్పు, నడిబొడ్డు నుండి బెరడు వైపు కలిగే మార్పుకు ఇంచుమించు రెట్టింపు. అందుచేతనే పచ్చి పలక ఎండేటపుడు వంగిపోతుంది. నాటి నుండి ఆయన పలకలను గాలి ఆడేటట్లు నడుమ పుల్లలు పెట్టి పేర్చి, నెలల తరబడి నీడలో ఆరనిచ్చిన తరువాతనే ముట్టుకొంటున్నారు. వెడల్పు మూతలను చట్రంలోని గాడిలో జిగురు లేకుండా వదులుగా నిలుపుతున్నారు. చెక్క కదలక మానదు గనుక దానికి కదలడానికి చోటివ్వాలి.

పెట్టెల పిడులకు రంగు కావలసి వచ్చినపుడు మాస్టారు వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు వెళ్ళారు. అక్కడి కళాకారులు అంకుడు కర్రను తరిమెన పట్టి బొమ్మలు చేస్తారు. గిరగిర తిరుగుతున్న బొమ్మకు రంగు లక్కను అదిమి పట్టితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు అంటుకొంటుంది. పిమ్మట మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు మొదలైన వాటి నుండి రంగులు తీసే పద్ధతిని అక్కడ పునరుద్ధరించిన శ్రీ చింతలపాటి వెంకటపతిరాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అనగా ఆ పేరు ఆ ప్రాంతపు పనివారి సొత్తు. ఇతరులు తాము చేసిన వస్తువును ఆ పేరుతో అమ్మరాదు. మాస్టారు ఆ విద్యను చూసి ఆనందించారే గాని అనుకరించలేదు. తన పెట్టెలకు కావలసిన లక్కపిడులను అక్కడి వారిచేతనే చేయించుకొని, వారడిగిన వెల ఇచ్చి తెచ్చుకొంటున్నారు.

వ్యాపారానికి కొన్ని లౌకిక మర్యాదలున్నాయి. చిన్న పరిశ్రమల కొరకు కేంద్రప్రభుత్వం 2020 జూలైలో ప్రారంభించిన ఉద్యమ్ నమోదును మాస్టారు ఆధార్ ఆధారంగా, రుసుము లేకుండా పొందారు. స్వరాష్ట్రంలోనే సరుకు అమ్ముకొనే చిన్న వర్తకుని ఏడాది అమ్మకాలు ఆంధ్రప్రదేశ్‌లో నలభై లక్షలకు, తెలంగాణలో ఇరవై లక్షలకు మించనంత వరకు వస్తు సేవల పన్ను నమోదు సాధారణంగా తప్పనిసరి కాదు. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం ఈ రాబడిని పింఛనుతో కలిపి చూపవలసిందే. కలప కొన్న ప్రతిసారీ రసీదు తీసుకోవడం, ఎర్రచందనం వంటి రక్షిత వృక్షాల కలపను ముట్టకపోవడం ఆయన నియమాలు.

ఇక శరీరానికి కూడ కొన్ని మర్యాదలున్నాయి. కలప పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. మూతికి తగిన ముసుగు లేకుండా మాస్టారు రంపం పట్టరు. ప్రొద్దున రెండు గంటలు, సాయంకాలం రెండు గంటలు, రోజుకు నాలుగు గంటలే పని. చూపు మసకబారిన వేళ యంత్రం దగ్గరికి పోరు.

ఈ నియమానికి ఒకమారు పరీక్ష వచ్చింది. విశాఖపట్నంలోని ఒక దుకాణం వారు రెండు నెలలలో రెండు వందల వ్యాసపీఠాలు కావాలన్నారు. పీఠానికి ఆరు గంటల వంతున అది పన్నెండు వందల గంటల పని. రోజుకు నాలుగు గంటలైతే మూడు వందల దినాలు పడుతుంది. ఆశపడి ఒప్పుకొంటే ఆరోగ్యం చెడుతుంది, తొందరపడి చేస్తే పని చెడుతుంది. మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకొని తాతయ్య కొట్టానికి నడిచారు. నలభై పీఠాలు తాను చేస్తానని, నూట అరవై పీఠాలు తాతయ్య కుమారుడు, అతని ఇద్దరు సహాయకులు చేయాలని, కూలి అందరికీ ఒకే లెక్క అని అక్కడ ఒప్పందం కుదిరింది. సరుకు గడువుకు ముందే చేరింది. ఇప్పుడు పెద్ద పని ఏది వచ్చినా రెండు పాకలకూ పంచుకొంటున్నారు. చెక్క కూడ కలిపి కొంటున్నందున ఇద్దరికీ వెల కలిసివస్తున్నది.

ఇటీవల నేను వెళ్ళినపుడు మాస్టారు ఒక పీఠానికి చివరి మెరుగు పెడుతున్నారు. అది ఊరి గ్రంథాలయానికి ఇవ్వబోయే కానుక. ఏడాదికి ఒకటి అలా ఇవ్వడం ఆయన మానలేదు. పక్కనే తెరిచి ఉన్న చిట్టాపుస్తకంలో చెక్క, మెరుగు, కూలి యథాప్రకారం వ్రాసి, మొత్తం వెయ్యిన్ని నూట ఎనభై అని వేసి, రాబడి ఉండవలసిన చోట ‘దానం’ అని వ్రాశారు. ఎందుకు ఇంత లెక్క అని అడిగాను. “వెనుక ఎన్నో ఇచ్చాను. ఏమి ఇస్తున్నానో నాకే తెలియలేదు. ఇప్పుడు తెలిసి ఇస్తున్నాను” అని మాస్టారు చేతిలోని పీఠాన్ని వెలుతురుకు ఎత్తి చూసుకొన్నారు.

కఠిన పదాలకు అర్థాలు

చేవదేరు = ముదిరి గట్టిపడు, సత్తువ పొందు
చతుష్షష్టి = అరవై నాలుగు
సానరాయి = పనిముట్లకు పదును పెట్టే రాయి
బాడిస = చెక్కను చెక్కే పనిముట్టు
బరమా = చెక్కకు రంధ్రం వేసే పనిముట్టు
మూలమట్టం = లంబకోణాన్ని సరిచూసే సాధనం
చిత్రిక పట్టు = చెక్క పైభాగాన్ని నునుపు చేయు
కుసి = బెజ్జంలో ఇమిడేటట్లు చెక్కిన చెక్క కొన
తరిమెన పట్టు = చెక్కను తిప్పుతూ గుండ్రంగా చెక్కు
చిట్టాపుస్తకం = జమాఖర్చులు వ్రాసుకొనే పుస్తకం
మొగమాటం = ఎదుటివారు నొచ్చుకొంటారనే సంకోచం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు వ్రాయండి.
1. తాతయ్య కుమారుని మాటలు మాస్టారి ఆలోచనను ఏ విధంగా మార్చాయి? వివరించండి.
2. కానుకగా ఇచ్చే వస్తువుకు, అమ్మే వస్తువుకు గల భేదాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.
3. పదవీ విరమణానంతరం వృత్తిని చేపట్టేవారు పాటించవలసిన జాగ్రత్తలను తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు మూడు, నాలుగు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. వ్యాసపీఠం నిర్మాణాన్ని వర్ణించండి.
2. చెక్క వంకరపోవడానికి కారణమేమి?
3. మాస్టారు ఏటికొప్పాక విద్యను ఎందుకు అనుకరించలేదు?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. తాతయ్య మాస్టారికి మొదట ఇచ్చిన వస్తువేది?
2. వీణను ఏ కలపతో చేస్తారు?
3. గ్రంథాలయానికి ఇచ్చిన పీఠం లెక్కలో రాబడి చోట మాస్టారు ఏమని వ్రాశారు?

ఈ) సంధులు
విరమణానంతరం = విరమణ + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి
గణితోపాధ్యాయుడు = గణిత + ఉపాధ్యాయుడు – గుణసంధి
జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణసంధి
చేవదేరిన = చేవ + తేరిన – గసడదవాదేశ సంధి

ఉ) సమాసాలు
పదవీ విరమణ – పదవి నుండి విరమణ – పంచమీ తత్పురుష సమాసం
చతుష్షష్టి కళలు – అరవై నాలుగు సంఖ్య గల కళలు – ద్విగు సమాసం
సంగీత నృత్యాలు – సంగీతమును, నృత్యమును – ద్వంద్వ సమాసం

ఊ) భాషాకృత్యం
మీ ఊరిలోని ఒక చేతివృత్తి కళాకారుని కలిసి, ఆయన చేసే ఒక వస్తువుకు ముడిసరుకు, కాలం, కూలి లెక్కకట్టి, దాని న్యాయమైన వెల ఎంతో ఒక పుట వ్యాసంగా వ్రాయండి.